నొప్పి తగ్గిన నిమిషం

మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను నిమిషాలకు డిటెక్టివ్ ఆ లాండ్రీ గుమ్మంలో అడుగుపెట్టింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు.

"మీ తమ్ముణ్ణి ఆఖరుసారి ఎన్ని గంటలకి చూశావమ్మా?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని అక్కకు ముందే తెలుసు. ఇరవై రెండేళ్లు ఆపరేషన్ వార్డులో హెడ్ నర్సుగా చేసి, ఆ తర్వాత డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన ఆ మనిషిని జనం గంటలమ్మ అంటారు. ఎవరు ఏం చెప్పబోయినా 'ఎన్ని గంటలకి?' అనడం ఆమె అలవాటు. రాత్రి నిద్ర పట్టలేదని ఎవరైనా అంటే, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా అని అడుగుతుందట. నవ్వేవాళ్లు నవ్వుతారు గానీ నెత్తిమీద నింద పడ్డ రోజున ఆమె గుమ్మమే ఎక్కుతారు. అక్క కూడా పొద్దున పదకొండు గంటలకు ఆమెకే ఫోన్ చేసింది.

"పదీ పదికి మేడమ్. నేను మిషన్ మీద గుర్తులు కుడుతున్నాను. 'అక్కా, ఇప్పుడే వస్తా' అన్నాడు. తల తిప్పకుండానే సరే అన్నాను."

తల తిప్పి ఒక్కసారి చూసి ఉంటే ఎంత బాగుండేదో! అమ్మా నాన్నా పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఈ లాండ్రీలో తను బట్టలకు నంబరు గుర్తులు కుడుతుంది, వాడు ఇస్త్రీ చేస్తాడు. ఆమెకు ఈ లోకంలో ఉన్నది వాడొక్కడే. ఇప్పుడు వాణ్ణి అందరూ దొంగ అంటున్నారు.

జరిగింది ఇదీ. పదిన్నరకు ఒక కాంట్రాక్టరు ఫోన్ చేసి, ఇస్త్రీకి వేసిన ఉన్ని కోటు లోపలి జేబులో కెంపు ఉంగరం మరిచిపోయానన్నాడు. యజమాని అప్పుడే బయటినుంచి వచ్చాడు. వెతికితే ఉంగరం లేదు, కోటు లేదు, ఇస్త్రీ చేసే మనిషీ లేడు. పదీ యాభైకి పోలీసులకు కబురు వెళ్లింది.

ఆ పోలీసు ఇన్‌స్పెక్టర్ పన్నెండు గంటల నుంచీ యజమాని కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. మీసం దువ్వుకోవడానికి ఒక చేతిని ఉద్యోగంలో పెట్టినట్టు ఉంటుంది ఆయన వాలకం. గంటలమ్మ లోపలికి రాగానే ఆ చెయ్యి ఆగిపోయింది. ఇంతకుముందు మూడు కేసుల్లో ఆయన పట్టుకున్నవాళ్లను ఆమె విడిపించింది. ఆ మూడూ ఆయన మరిచిపోలేదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాడు. "ఉంగరం పోయినాయన నన్ను పిలిచాడు. మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"దొంగ అనిపించుకున్నవాడి అక్క పిలిచింది," అంది గంటలమ్మ, చేతి సంచిలోంచి చిన్న పుస్తకం తీస్తూ. "మనిషి కనిపించకపోవడానికి కారణం మీ దగ్గరేముంది?"

"నాటకం. మొన్నటినుంచీ కడుపునొప్పని ఏడ్చాడట. ఇవాళ పొద్దున వెనక గదిలో పడుకున్నాడట. తొమ్మిది నలభైకి ఉన్నట్టుండి నొప్పి పోయిందంటూ నవ్వుకుంటూ లేచొచ్చాడట. అరగంటలో మాయం! కడుపునొప్పి బడెగ్గొట్టే పిల్లలు చెప్పే సాకు. చేత్తో తీసేసినట్టు పోయే నొప్పి ఎక్కడైనా ఉందా?"

గంటలమ్మ పుస్తకంలో 'తొమ్మిది నలభై' అని రాసి, దాని కింద గట్టిగా రెండు గీతలు గీసింది.

"మొదటినుంచీ చెప్పమ్మా. నొప్పి మొదలైంది ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం ఆరున్నరకి. బొడ్డు చుట్టూ పట్టేసినట్టుందన్నాడు. గ్యాసేమో అనుకున్నాం. సోడా తాగాడు."

"తేన్పు వచ్చిందా? వస్తే హాయిగా ఉందా?"

"వచ్చింది. ఏమీ తగ్గలేదు."

"ఛాతీలో మంట? నోట్లోకి పుల్లటి నీళ్లు?"

"లేవు."

"నొప్పి వస్తూ పోతూ ఉందా, పట్టిందే పట్టిందా? చోటు మారిందా?"

అక్క గుర్తుచేసుకుంది. "పట్టిందే పట్టింది. నిన్న మధ్యాహ్నానికి కిందికి దిగింది మేడమ్. ఇదిగో, కుడిపక్కన ఇక్కడ," అని తన నడుము ఎముకకు కొంచెం లోపలగా వేలు పెట్టి చూపించింది.

"అన్నం?"

"నిన్న బాక్సు తెరవనే లేదు. ఒంటిగంటకి ఒకసారి వాంతి చేసుకున్నాడు. రాత్రి ఒళ్లు కాలింది. దగ్గినా తుమ్మినా కుడిపక్క పట్టుకునేవాడు."

"ఆస్పత్రి మాట ఎవరూ ఎత్తలేదా?"

"నేను ఎత్తాను. వాడే, కడుపునొప్పికి కూడా ఆస్పత్రేమిటక్కా, నవ్వుతారు అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ గట్టిగా ఆవలించాడు. "మీరు దొంగను వెతుకుతున్నారా, మందుచీటీ రాస్తున్నారా?"

"రెంటికీ అడిగే ప్రశ్నలు ఒకటే ఇన్‌స్పెక్టర్‌గారూ," అంది ఆమె నిదానంగా. "ఎప్పుడు మొదలైంది, ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లింది, వెంట ఎవరున్నారు. ఈ మూడూ తెలిస్తే దొంగైనా దొరుకుతాడు, రోగమైనా దొరుకుతుంది. వెనక గది చూపించమ్మా."

వెనక గదిలో మాసిన దుప్పట్ల మూటలు గోడవారగా పేర్చి ఉన్నాయి. రెండు మూటలు పక్కపక్కన చేర్చి ఉన్నచోట మనిషి పడుకున్న గుంట ఇంకా ఉంది. గంటలమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. గుంటను తాకకుండా పైన చెయ్యి చాపి కొలిచింది. ఎడమకాలు చాపుకున్నచోట దుప్పటి నున్నగా అణిగి ఉంది. కుడివైపున కాలు చాపిన జాడ లేదు. మూట మధ్యలో మడమ గుచ్చుకున్న లోతైన నొక్కు మాత్రం ఉంది.

"కుడిమోకాలు పైకి ముడుచుకుని పడుకున్నాడు," అంది. "కాలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి. ఇదేమిటి?"

మూట పక్కన ఎనిమిది మడతలు పెట్టిన కంబళి ఉంది. ఒక అంచు గోధుమరంగుకు మాడింది. అక్క తల దించుకుంది.

"అది నేనే వేశాను మేడమ్. మాలో ఎవరికి ఎక్కడ నొప్పి చేసినా ఇదే వైద్యం. కంబళి మడిచి ఆవిరి ఇస్త్రీ కింద పెట్టి, వేడెక్కాక నొప్పిమీద వేస్తాం. నడుముకీ భుజానికీ బాగా పనిచేస్తుంది. ఎనిమిదిన్నరకి కడుపుమీద వేశాను. చల్లారితే మళ్లీ వేడిచేశాను. అంతకుముందు, ఎనిమిదింటికి, విరేచనాల మందు కూడా పట్టాను. కడుపు శుభ్రమైతే తగ్గిపోతుందనుకున్నాను."

గంటలమ్మ కళ్లు మూసుకుంది. తిడుతుందేమోనని అక్క బిగుసుకుపోయింది. కానీ ఆమె లేచి అక్క భుజంమీద చెయ్యి వేసింది.

"ప్రేమతోనే చేశావు. నీకు తెలిసిన వైద్యం చేశావు. కానీ ఇకమీద ఒకటి గుర్తుపెట్టుకో. కడుపులో నొప్పి ఒకచోట కాపురం పెట్టి కదలనంటే, దానికి వాంతి, జ్వరం తోడైతే, అది వేడికీ విరేచనాలకీ లొంగే రకం కాదు. ఆ రెండూ దానికి ఆజ్యం పోస్తాయి. అలాంటప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి."

మెత్తగా చెప్పిన ఆ మాటే అక్కను చెంపదెబ్బకంటే ఎక్కువగా తాకింది. అయినా ఇన్ని గంటల్లో తనను దొంగ అక్కలా కాక, మనిషిలా చూసింది ఈమె ఒక్కతే. కొండంత ధైర్యం వచ్చినట్టయింది.

ముందు గదిలోకి తిరిగి వచ్చాక గంటలమ్మ తమ్ముడి ఇస్త్రీ బల్ల దగ్గర ఆగిపోయింది. బల్ల వెనక గోడకు నడుము ఎత్తు నుంచి తలమీదిదాకా నల్లరంగు పూసి ఉంది. ఒక్కో బట్ట పూర్తికాగానే దాని గుర్తు నంబరు సుద్దముక్కతో ఆ గోడమీద రాయడం ఇక్కడి పద్ధతి. వారానికొకసారి తుడుస్తారు. గంటలమ్మ ఆ నంబర్ల ముందు నిలబడి, ఒక నిమిషం పాటు పైకీ కిందికీ చూసింది. తర్వాత యజమానిని పిలిచింది.

"ఇవి మొన్నటివి కదూ? ఎక్కడున్నాయి?"

"నుదురు ఎత్తులో ఉన్నాయమ్మా. వాడు పొడగరి," అన్నాడు యజమాని.

"నిన్న పొద్దుటివి?"

"అక్కడే."

"నిన్న సాయంత్రానివి?"

యజమాని వేలు కిందికి జారింది. "ఛాతీ దగ్గరికి దిగాయి." వేలు ఇంకా జారింది. "ఇవాళ పొద్దున రాసినవి… ఇదేమిటి, నల్లరంగు అంచుదాకా వచ్చేశాయి!"

"నడుము ఎత్తుకి," అంది గంటలమ్మ. "నిలువునా నిలబడలేక సగానికి వంగిపోయిన మనిషి చెయ్యి అంతవరకే అందుతుంది. నాటకమాడేవాడు నలుగురు చూస్తుంటే మూలుగుతాడు. గోడకేసి తిరిగి, ఎవరూ చూడనప్పుడు కూడా వంగి నంబర్లు రాస్తాడా ఇన్‌స్పెక్టర్‌గారూ?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "కూర్చుని రాసుంటాడు."

"ఈ బల్ల దగ్గర స్టూలేది?"

లేదు. ఇస్త్రీ చేసేవాళ్లు కూర్చోరు. ఆ సంగతి అక్కకు పదిహేనేళ్లుగా తెలుసు. ఆ గోడను రోజూ చూస్తూనే ఉంది. తమ్ముడి చెయ్యి రెండు రోజులుగా కిందికి కిందికి దిగిపోతూ ఆ గోడమీద గోడు చెప్పుకుంటుంటే తనకు కనపడలేదు. వచ్చి గంట కాకముందే ఈమెకు కనపడింది. ఆశ్చర్యంతో, సిగ్గుతో అక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి ఈ ఆఖరి మూడూ చూడండి," అంది గంటలమ్మ. "మళ్లీ నుదురు ఎత్తులో ఉన్నాయి. తొమ్మిది నలభైకి నొప్పి పోయింది. మనిషి నిటారుగా నిలబడ్డాడు. వెంటనే ఏం చేశాడు? పారిపోలేదు. మిగిలిపోయిన పని మీద పడ్డాడు. మూడు బట్టలు ఇస్త్రీ చేశాడు. అన్నిటికన్నా చివరిది నాలుగువందల పదిహేడు. ఏమిటది?"

యజమాని చీటీల కట్ట తిరగేశాడు. "కాంట్రాక్టరుగారి కోటమ్మా."

"ఉన్ని కోటుకి తడిగుడ్డ పరిచి చెయ్యాలి కదా? పావుగంట పని. ఎత్తుకుపోయేవాడు పావుగంట నిలబడి దొంగసొత్తుకి మడతలు తీస్తాడా?"

అక్కకు చేతులు జోడించాలనిపించింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం మళ్లీ మీసం అందుకున్నాడు.

"అయితే ఉంగరం సంగతి అక్కతో ఎందుకు చెప్పలేదు? యజమానికి ఎందుకు ఇవ్వలేదు?"

ఈసారి యజమానే కల్పించుకున్నాడు. "తొమ్మిదిన్నర నుంచి పదిన్నరదాకా నేను లేనండీ. జేబుల్లో దొరికినవి వేసే డబ్బా తాళం నా దగ్గరుంటుంది. ఇంకో మాట కూడా ఉంది." ఆయన గొంతు తగ్గింది. "నేనే పెట్టిన కట్టుబాటు. ఒకరి జేబులో దొరికిన వస్తువు గురించి, అది సొంతదారు చేతికి చేరేదాకా, ఇంకొకరి దగ్గర నోరెత్తకూడదు. కట్టుకున్న పెళ్లాంతోనైనా సరే. పరువులు జేబుల్లోనే ఉంటాయి కదండీ. వాడు నా మాట నిలబెట్టాడు. నేనేమో వాడిమీద పోలీసులకు ఫోన్ చేశాను."

"కాంట్రాక్టరు ఇల్లెక్కడ?"

"బస్సులో ఆరు స్టాపులు."

"స్వయంగా ఇచ్చి రావడానికి బయల్దేరాడు," అంది గంటలమ్మ. "ఇక ఇన్‌స్పెక్టర్‌గారూ, మీరు చెప్పిన నాటకం సంగతి. సాకు కోసం కడుపునొప్పి తెచ్చుకున్నవాడు నొప్పి ఉందనే చెప్పి సెలవు తీసుకుని పోతాడు. పారిపోయేముందు నాకు తగ్గిపోయిందని ఎవడైనా చాటింపు వేస్తాడా?"

గదిలో అందరూ ఇన్‌స్పెక్టర్ వంక చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత, అందరూ విస్తుపోయేలా, పెద్దగా నవ్వాడు.

"బాగుందండీ. కథ బాగుంది. కానీ చివరి పేజీ నా దగ్గరుంది." జేబులో చేతులు పెట్టుకున్నాడు. "పదకొండూ పదికే పట్టుకున్నాను వాణ్ణి. బస్‌స్టాప్ బెంచీమీద. కోటు చేతిమీద వేసుకుని ఉన్నాడు, ఉంగరం రుమాల్లో కట్టుకున్నాడు. లాకప్పులో పడేసి, తోడుదొంగ ఎవరో తేల్చుకుందామని ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

ఆ మాటతో ఆయన చూపు అక్కమీద నిలిచింది. అక్కకు ఆ చూపు అర్థం కాలేదు. తమ్ముడు దొరికాడు, బతికే ఉన్నాడు అన్నదొక్కటే చెవికెక్కింది.

గంటలమ్మ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"రుమాల్లో ఉంగరంతోపాటు ఇంకేమైనా ఉందా?"

"ఏదో చీటీ. నాలుగువందల పదిహేడు అని."

"సొంతదారు చీటీ సొత్తుకి కట్టి ఉంచుకున్న దొంగను మీ ఉద్యోగంలో ఎప్పుడైనా చూశారా? అది ఉండనివ్వండి. పదీ పదికి ఇక్కడినుంచి బయల్దేరినవాడు పదకొండూ పదిదాకా బస్‌స్టాప్‌లో ఏం చేస్తున్నాడు?"

"అదే నేనూ అడిగాను. స్టాప్ పక్కన కొట్టువాడు చెప్పాడు, రెండు బస్సులొచ్చి పోయినా ఎక్కలేదట. తోడుదొంగ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంకేముంటుంది?"

"లేవలేక," అంది గంటలమ్మ.

ఆమె ఇన్‌స్పెక్టర్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడెలా ఉన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"ఎలా ఉంటాడు? దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా పడున్నాడు. నీళ్లడగడు, అన్నమడగడు, అటునుంచి ఇటు దొర్లడు. మోకాళ్లు ముడుచుకుని ఒకటే పడక." ఇన్‌స్పెక్టర్ నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే తడబడింది. "ఇంటరాగేషన్‌కి లేపుదామని మావాడు ఊచల సందులోంచి లాఠీతో పొట్టమీద తట్టాడట. ఇస్త్రీ చేసి చేసి వీడి కడుపు కూడా బల్లచెక్క అయిపోయిందిరా అని స్టేషనంతా నవ్వుకున్నారు."

గంటలమ్మ చేతిలో పుస్తకం కిందపడింది. ఎప్పుడూ తొణకని ఆ మనిషి ముఖం పాలిపోవడం చూసి అక్క బల్ల పట్టుకుంది.

"పెద్దపేగు మొదట్లో వేలెడంత తోక ఉంటుంది, అపెండిక్స్ అంటారు. అది వాచింది. వాచిన రెండు రోజులూ నొప్పి. తొమ్మిది నలభైకి అది పగిలింది. పగలగానే బిగువు పోయి నొప్పి తగ్గుతుంది. ఎవరైనా నయమైందనే అనుకుంటారు. కానీ చీము కడుపంతా పాకుతుంది. కడుపు చెక్కలా బిగిసిందంటే పాకడం అయిపోయిందన్నమాట. ఇప్పుడు ఒకటీ యాభై. పగిలి నాలుగు గంటలా పది నిమిషాలు. ఫోన్ చెయ్యండి! అంబులెన్స్ పంపమనండి, తలుపు తీసి ఉంచమనండి!"

యజమాని అప్పటికే తన ఫోన్‌లో అంబులెన్స్‌కు చెబుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్ తీశాడు. వేళ్లు రెండుసార్లు తప్పు నొక్కాయి. గంటలమ్మ స్పీకర్ పెట్టించింది.

"సార్," అంది అవతలి గొంతు. "నేనే చేద్దామనుకుంటున్నాను సార్. లోపలతను చెమటలు కక్కుతున్నాడు. అక్కా అక్కా అని కాసేపు పలవరించాడు. ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు."

"తలుపు తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎలా తియ్యను సార్? తాళంచెవి మీ దగ్గరే ఉందిగా."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ప్యాంటు జేబుమీదికి పోయింది. నాలుగున్నరకు విలేకరులు వస్తారు. దొంగ, ఉంగరం, తను ఒకే ఫొటోలో ఉండాలి. అందాకా ఎవరూ తలుపు తియ్యకుండా తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. స్టేషన్‌కు ఇక్కడినుంచి జీపులో ఇరవై ఐదు నిమిషాలు.

గంటలమ్మ అడుగు ముందుకేసి ఫోన్ వైపు వంగింది. "బాబూ, నేను నర్సును మాట్లాడుతున్నాను. తాళం పగలగొట్టు. నీళ్లు పట్టొద్దు, కడుపు ముట్టుకోవద్దు. మోకాళ్లు ముడిచే ఉంచు, బలవంతాన చాపొద్దు. అంబులెన్స్ పది నిమిషాల్లో వస్తుంది."

"తాళం పగలగొట్టడమా? ఎవరి ఆర్డరమ్మా?"

ఆమె తలెత్తి ఇన్‌స్పెక్టర్‌ను చూసింది. దెప్పలేదు, అరవలేదు. ఆయన చేతిని ఫోన్‌తో సహా పట్టుకుని ఆయన నోటి దగ్గరికి జరిపిందంతే. గెలిచిన మనిషి కళ్లలో గెలుపు లేకపోవడం అక్క అంతకుముందు ఎన్నడూ చూడలేదు. తాళం పగిలితే ఎందుకు పగిలిందో రేపు కాగితం మీద రాసివ్వాల్సింది ఇన్‌స్పెక్టరేనని అందరికీ తెలుసు.

"పగలగొట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అవతలివాడికి వినపడలేదు. మళ్లీ అన్నాడు. "నా ఆర్డర్. పగలగొట్టు!"

గంటలమ్మ అప్పటికే గుమ్మం దాటుతోంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ బల్లమీద వదిలేసి జీపు స్టార్ట్ చెయ్యడానికి ఆమెకంటే ముందు పరుగెత్తాడు. అక్క ఆ ఫోన్‌ను రెండు చేతులతో తీసుకుని చెవికి ఆనించుకుంటూ వాళ్ల వెనక నడిచింది.

అవతల ఇనుము మీద ఇనుము పడుతోంది. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. ఎవరో 'గట్టిగా కొట్టరా' అని అరిచారు. మూడో దెబ్బకు ఏదో ఊడి నేలమీద పడింది, తలుపు కిర్రుమంది, బూట్ల చప్పుడు లోపలికి వెళ్లింది.

"తమ్ముడూ!" అంది అక్క ఫోన్‌లోకి. "అక్కను రా. వచ్చేస్తున్నాను. ఊఁ అను."

బూట్ల చప్పుడు ఆగిపోయింది. ఊఁ అన్న మాట మాత్రం రాలేదు.